బీచ్ నీటిలో ఎంటరోకోకై: ఫిల్టరా, ఎంటరోలెర్టా, ట్యూబులా? ఒకే సీసాకు వేర్వేరు అంకెలు వస్తున్నాయి

తీరం_ల్యాబ్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. విశాఖ తీరంలో జనం దిగి స్నానాలు చేసే చోట్ల నీటి పరీక్ష గురించి అడుగుతున్నాను. ఇప్పటిదాకా 5 ట్యూబుల ఎంపీఎన్‌తో (ఎన్ని ట్యూబుల్లో పెరిగాయో చూసి బ్యాక్టీరియా సంఖ్యను అంచనా వేసే లెక్క) ఫీకల్ కోలిఫాం (మల కాలుష్యాన్ని సూచించే బ్యాక్టీరియా) ఒక్కటే రిపోర్ట్ చేస్తున్నాం. ఇప్పుడు ఎంటరోకోకై (మల కాలుష్యాన్ని సూచించే మరో రకం బ్యాక్టీరియా) కూడా కావాలంటున్నారు. మా దగ్గర మూడు దారులున్నాయి: 0.45 మైక్రాన్ మెంబ్రేన్ ఫిల్టర్ పెట్టి ఎంఈఐ అగార్ (ఎంటరోకోకై కాలనీల చుట్టూ నీలి వలయం వచ్చే మీడియా) మీద పెంచడం (అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ పద్ధతి 1600), 97 వెల్స్ (చిన్న గదులు) ట్రేతో ఎంటరోలెర్ట్ కిట్ (ఎంటరోకోకై ఉన్న వెల్ యూవీ దీపం కింద వెలుగుతుంది), లేదా పాతకాలపు అజైడ్ డెక్స్‌ట్రోజ్ బ్రాత్ ట్యూబులు.

ఒకే సీసా నీళ్లు పంచి చేసినా అంకెలు కలవడం లేదు. ఉదాహరణకు ఒక శాంపిల్‌కు ఫిల్టర్ మీద 100 మి.లీ.లో 18 కాలనీలు, ఎంటరోలెర్ట్‌లో 52. ఇంకోదానికి ఫిల్టర్ మీద 110 (100 మి.లీ. ప్లేట్ ఇసుకతో పాడైంది, 10 మి.లీ. ప్లేట్‌లోని 11 కాలనీల లెక్క), ఎంటరోలెర్ట్‌లో 31. ఒకసారి ఇది ఎక్కువ, ఒకసారి అది ఎక్కువ. ఏది సరైనదో ఎలా తేల్చాలి? రోజువారీ పనికి ఏది పెట్టుకోవాలి? ఎంఈఐ ప్లేట్ల మీద నీలి వలయం కూడా ఒక్కో బ్యాచ్‌లో బాగా మసకగా వస్తోంది. అదెందుకో కూడా చెప్పగలరు.

సముద్రపు_సూక్ష్మం

మీరు రాసిన రెండు జంటల్లోనూ పద్ధతుల మధ్య తేడా ఉందని చెప్పడానికి ఆధారమే లేదండి. అది లెక్కలో సహజంగా వచ్చే ఊగిసలాట.

సముద్రపు నీటికి ఎంటరోలెర్ట్‌ను 1:10 పలచన చేయాలి, అంటే 10 మి.లీ. శాంపిల్, 90 మి.లీ. స్టెరైల్ నీరు. కాబట్టి రిపోర్ట్‌లో 100 మి.లీ. అని రాసినా మీరు నిజంగా చూసింది 10 మి.లీ.లే. 52 అంటే ట్రేలో వెలిగినవి 5 వెల్స్. అయిదు లెక్కకు 95 శాతం పరిధి దాదాపు 1.6 నుంచి 11.7, పదితో గుణిస్తే 16 నుంచి 117. ఫిల్టర్ మీద 18కి పరిధి 11 నుంచి 28. రెండూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. రెండో జంటా అంతే: 10 మి.లీ.లో 11 కాలనీలంటే 55 నుంచి 197, మూడు వెల్స్ అంటే 6 నుంచి 88.

దీన్నే తిప్పి చూడండి. నీటిలో నిజంగా 35 ఉంటే 10 మి.లీ.లో సగటున 3.5 బ్యాక్టీరియాలు. పాయిసాన్ లెక్కలో (చెదిరి ఉన్నవాటి సంఖ్య యాదృచ్ఛికంగా ఎంత ఊగుతుందో చెప్పే లెక్క) నూటికి 94 సార్లు ఒకటి నుంచి ఏడు లోపు వస్తుంది. అంటే అదే నీటికి 10 అనీ రావచ్చు, 75 అనీ రావచ్చు. నూటికి మూడుసార్లు ఒక్క వెల్ కూడా వెలగదు, '10 కంటే తక్కువ' అని రాసి సంతకం పెట్టేస్తాం. పైగా ఈ పలచనలో ట్రే ఇవ్వగలిగిన విలువలు 10, 20, 31, 41, 52, 63 ఇలా మెట్లుగా ఉంటాయి. 35 అనే అంకె ట్రేలో లేనే లేదు.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఏ హద్దుతో పోల్చబోతున్నారన్నది. మన తీరప్రాంత జలాల ఎస్‌డబ్ల్యూ-2 తరగతికి (స్నానాలకు వాడే సముద్రపు నీరు) ఫీకల్ కోలిఫాం 100 మి.లీ.కు 100 ఎంపీఎన్, అందులో ఎంటరోకోకై ప్రస్తావన లేదు. 2000 సెప్టెంబరు నాటి స్నానపు నీటి ప్రమాణాల్లో ఫీకల్ కోలిఫాం 500 వాంఛనీయం, 2500 గరిష్ఠం. ఫీకల్ స్ట్రెప్టోకోకై (ఎంటరోకోకై ఇందులో భాగమే) 100 వాంఛనీయం, 500 గరిష్ఠం. రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది. ఆ లెక్కలో ఎంటరోకోకై 100, ఈ.కోలి 250, అదీ ఒక్కో శాంపిల్‌కు కాదు, 95వ పర్సంటైల్‌కు (నూటికి 95 శాంపిళ్లు దాటకూడని విలువ). అమెరికా 2012 ప్రమాణంలో ఎంటరోకోకై జియోమెట్రిక్ మీన్ (గుణకారంతో కట్టే సగటు) 35, పది శాతం కంటే ఎక్కువ శాంపిళ్లు దాటకూడని విలువ 130.

హద్దు 100 లేదా 130 అయితే 1:10 ఎంటరోలెర్ట్ పనికొస్తుంది. 35 దగ్గర తేల్చాలంటే ఒక్క ట్రే చాలదు. ఫిల్టర్ మీద 100 మి.లీ. పోయండి, లేదా అదే శాంపిల్‌కు రెండు మూడు ట్రేలు పెట్టి వెలిగిన వెల్స్‌ను కలిపి లెక్కించండి.

ఇంకో చిన్న మాట. ఐదు శాంపిళ్లు 10, 31, 20, 134, 41 వచ్చాయనుకోండి. జియోమెట్రిక్ మీన్ 32, హద్దు కింద ఉన్నట్టే. కానీ ఐదింట్లో ఒకటి 130 దాటింది, అంటే 20 శాతం. అమెరికా లెక్కలో ఆ బీచ్ తప్పినట్టే. 134 బదులు ట్రేలో ఒక్క వెల్ తక్కువ వెలిగి ఉంటే నెగ్గేది. పద్ధతి ఎంచుకునేటప్పుడు ఇంత సన్నని గీత మీద నిలబడుతున్నామని గుర్తుంటే చాలు.

నీలి_వలయం

మసక వలయం సంగతి నేను చెబుతాను. ముందు టీటీసీ (కాలనీల్ని ఎరుపుకు తిప్పే పదార్థం) చూడండి. పాత ఎంఈ అగార్‌లో టీటీసీ లీటరుకు 0.15 గ్రాములు, ఎంఈఐలో 0.02 గ్రాములు మాత్రమే. పాత రెసిపీ కాగితం బెంచ్ మీద ఉండిపోతే ఎక్కువ మోతాదు పడిపోతుంది. దాంతో కాలనీలు ముదురు ఎరుపుకు తిరుగుతాయి, దెబ్బతిన్న కణాలు అసలు పైకి రావు, వలయం కనబడదు. 1 శాతం ద్రావణం తయారుగా ఉంటే లీటరుకు 2 మి.లీ. చాలు.

రెండోది నాలిడిక్సిక్ ఆమ్లం (గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియాను ఆపే మందు), లీటరుకు 0.24 గ్రాములు. ఇది ఉత్త నీళ్లలో కరగదు. 5 మి.లీ. నీళ్లలో వేసి కొన్ని చుక్కలు 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ కలిపితే కరుగుతుంది. కరగకుండా పోస్తే ప్లేట్‌లో ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడుతుంది, తక్కువ పడ్డ చోట గ్రామ్ నెగెటివ్‌లు పరుచుకుంటాయి. నీలి వలయాన్నిచ్చే ఇండాక్సిల్ గ్లూకోసైడ్ 0.75 గ్రాములు బేస్‌తోనే వెళ్తుంది. నాలిడిక్సిక్, టీటీసీ మాత్రం ఆటోక్లేవ్ అయ్యాక 44–46 డిగ్రీలకు దించి కలపాలి. ఆఖరి పీహెచ్ 7.1, అటూఇటూ 0.2.

మూడోది ఉష్ణోగ్రత. 41 డిగ్రీలు, అటూఇటూ అర డిగ్రీ, 24 గంటలు. ఇంక్యుబేటర్ తలుపు మీద కనబడే అంకెను నమ్మకండి. ప్లేట్లు పెట్టే అర మీదే నీళ్ల సీసాలో ముంచిన కాలిబ్రేటెడ్ థర్మామీటర్ ఉండాలి. ప్లేట్లు దొంతరగా పెడితే మధ్యవి వేడెక్కడానికి ఆలస్యమవుతుంది. రాత్రి కరెంటు పోయి 38కి దిగితే పక్క బ్యాక్టీరియా పెరుగుతుంది, 43 దాటితే దెబ్బతిన్న ఎంటరోకోకై తగ్గుతాయి. డేటా లాగర్ ఒకటి లోపల పడేస్తే ఆ బ్యాచ్‌ను ఉంచాలో తీసేయాలో వాదించుకోనక్కర్లేదు.

చదివేటప్పుడు 2 నుంచి 5 రెట్ల లెన్స్, పక్క నుంచి ఫ్లోరొసెంట్ దీపం. కాలనీ రంగు ఏదైనా సరే, కనీసం 0.5 మి.మీ. వ్యాసం ఉండి చుట్టూ నీలి వలయం ఉంటే లెక్కలోకే. మెంబ్రేన్ అగార్‌కు పూర్తిగా అతుక్కోకుండా కింద గాలి బుడగ ఉండిపోతే అక్కడి కాలనీకి వలయం రాదు. ఒక అంచు నుంచి మెల్లగా దొర్లించినట్టు వేయండి, బుడగ కనిపిస్తే ఎత్తి మళ్లీ వేయండి.

ఇసుక సమస్యకు మూడు పరిమాణాలు పెట్టుకోండి: 100, 10, 1 మి.లీ. చదవదగ్గ పరిధి ప్లేటుకు 20–60. 20 మి.లీ. కంటే తక్కువ శాంపిల్ పోసేటప్పుడు ఫనెల్‌లో ముందుగా 20–30 మి.లీ. స్టెరైల్ బఫర్ ఉండాలి, లేకపోతే అన్నీ ఒక మూలకే చేరతాయి. పోశాక ఫనెల్ గోడల్ని 20–30 మి.లీ.తో కనీసం రెండుసార్లు కడగాలి. కడగని ఫనెల్ కూడా ఫిల్టర్ అంకె తక్కువ రావడానికి ఒక కారణం.

100 మి.లీ. అస్సలు దిగకపోతే 50 చొప్పున రెండు ఫిల్టర్ల మీద పోయండి. రెండు ప్లేట్ల కాలనీలు కలిపితే అదే 100 మి.లీ. లెక్క. సీసాను 25 సార్లు గట్టిగా కుదిపిన వెంటనే పంచుకోవాలి. ఒక పద్ధతికి అప్పుడే కుదిపిన నీళ్లు, ఇంకోదానికి పది నిమిషాలు తేరుకున్న నీళ్లు పోస్తే మీరు పోలుస్తున్నది పద్ధతుల్ని కాదు. ఎంటరోకోకైలో మంచి భాగం ఇసుక రేణువులకు అంటుకునే ఉంటుంది.

ఎంఈఐ తయారీ చిరాకనిపిస్తే ఐఎస్‌ఓ 7899-2 (ఫిల్టర్‌తో ఎంటరోకోకై లెక్కించే అంతర్జాతీయ ప్రమాణ పద్ధతి) చూడండి. బ్లూ ఫ్లాగ్ కోసమైతే నా మొగ్గు దానివైపే. స్లానెట్జ్-బార్ట్‌లీ అగార్ మీద 36 డిగ్రీలకు 44 గంటలు, తర్వాత అదే మెంబ్రేన్‌ను ఎత్తి ముందుగా 44 డిగ్రీలకు వేడి చేసి ఉంచిన బైల్ ఎస్కులిన్ అజైడ్ అగార్ మీద 2 గంటలు. చుట్టూ గోధుమ నుంచి నలుపు రంగు వచ్చిన కాలనీల్ని లెక్కించాలి. రెండు గంటలు కాగానే చదివేయండి, ఆలస్యమైతే నలుపు పక్క కాలనీల కిందికి పాకి అన్నీ పాజిటివ్‌లా కనిపిస్తాయి. స్లానెట్జ్-బార్ట్‌లీని ఆటోక్లేవ్‌లో పెట్టకండి, మరిగిస్తే చాలు. అందులో సోడియం అజైడ్ ఉంటుంది. వాడిన మీడియాను సింక్‌లో పారబోయడం మంచిది కాదు, రాగి, సీసం గొట్టాల్లో చేరితే పేలే లవణాలు ఏర్పడతాయి.

ట్రే_సీలర్

నీలి వలయం గారితో ఒక విషయంలో విభేదిస్తాను. రోజుకు నాలుగైదు శాంపిళ్లు, ఇద్దరు మనుషులున్న ల్యాబ్‌కు ఎంఈఐ వద్దు. పద్ధతి ఎంత మంచిదైనా నెలకు రెండుసార్లు మీడియా తయారుచేసే చేయి మారితే ఫలితం మారిపోతుంది. ఎంటరోలెర్ట్ కిట్ ఖరీదు ఎక్కువే, నిజమే. కానీ అందులో మనిషి చేయి తేడా చేసే చోట్లు తక్కువ. ఆ కొద్ది చోట్లూ ఇవి.

పలచనకు ఫాస్ఫేట్ బఫర్ వాడకండి. బఫర్ లేని, క్లోరిన్ లేని స్టెరైల్ డిస్టిల్డ్ లేదా డీఅయొనైజ్డ్ నీరు వాడాలి. పొడిలో బఫర్ ఇప్పటికే ఉంది. 10 మి.లీ.ను గ్రాడ్యుయేటెడ్ సీసా గీత చూసి పోయకండి, స్టెరైల్ పిపెట్ వాడండి. అక్కడ 1 మి.లీ. తేడా వస్తే అంకెలో 10 శాతం పోయినట్టే.

సీలర్‌లో పెట్టేముందు పొడి పూర్తిగా కరగాలి, నురుగు తగ్గాలి. నురుగుతో సీల్ చేస్తే చిన్న వెల్స్ సగం నిండి ఉంటాయి, ఆ ట్రేకు ఎంపీఎన్ పట్టిక వర్తించదు. 97 వెల్స్ ట్రేలో పెద్దవి 48 కాదు, 49. పైన ఉన్న పొడుగాటి ఓవర్‌ఫ్లో గది కూడా ఒక పెద్ద వెల్ కిందే లెక్క. కొత్తగా చేరినవాళ్లు దాన్ని వదిలేయడం మామూలే. ఇక 51 వెల్స్ ట్రే వాడితే డిటెక్షన్ లిమిట్ (కనిపెట్టగల కనిష్ఠ సంఖ్య) మెరుగవుతుందని కొందరు అనుకుంటారు. కాదు. 1:10లో రెండింటికీ కింది హద్దు 10. పై హద్దు మాత్రం 24,196 నుంచి 2,005కు పడిపోతుంది. వాన తర్వాత గెడ్డ (వాగు) నీళ్లు కలిసే చోట అది చాలదు.

41 డిగ్రీలు, 24 నుంచి 28 గంటలు. చీకటి గదిలో 365 నానోమీటర్ల 6 వాట్ దీపం కింద నీలి వెలుగు చూడాలి. 24 గంటలకు ముందే వెలిగింది పాజిటివ్, 28 దాటాక కూడా వెలగనిది నెగెటివ్. 28 గంటల తర్వాత కొత్తగా వెలిగినదాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. మొదటిరోజు సాయంత్రం 6కి పెట్టి మర్నాడు రాత్రి చదివేవాళ్లు లేక మూడోరోజు పొద్దున చదివితే ఫలితం చెల్లదు. పెట్టే టైమును చదివే మనిషి డ్యూటీని బట్టి లెక్కేసుకోండి.

సముద్రపు నీటిని పలచన చేయకుండా పెడితే తక్కువ హద్దు వస్తుంది కదా అనే ఆశ అందరికీ పుడుతుంది. పెట్టకండి. ఉప్పు వల్లా, సముద్రపు సొంత బ్యాక్టీరియా వల్లా తప్పుడు పాజిటివ్‌లు వస్తాయి. ఈ.కోలి కోసం కోలిలెర్ట్ (ఎంటరోలెర్ట్ లాంటిదే మరో కిట్) వాడితే ఇది ఇంకా ముఖ్యం: వెచ్చని సముద్రాల్లో విబ్రియో జాతులు పసుపు రంగునిస్తాయి. అందుకే బీచ్‌కు ఎంటరోకోకై, నదికి ఈ.కోలి అనేది నాకు ఇష్టమైన విభజన.

కంట్రోళ్లు (కిట్ సరిగా పనిచేస్తోందో చూసే తెలిసిన బ్యాక్టీరియా): ఎంటరోకోకస్ ఫీసియం వెలగాలి, సెర్రేషియా మార్సెసెన్స్, ఏరోకోకస్ విరిడాన్స్ వెలగకూడదు. ప్రతి కొత్త లాట్‌కూ చేయండి.

తీరం_ల్యాబ్

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. మా దగ్గర టీటీసీ నిజంగానే పాత కాగితం ప్రకారం పడుతోంది. ఇంకో రెండు సందేహాలు. పద్ధతుల పోలికకు రిపోర్ట్ రాయాలి. రెండు పద్ధతుల అంకెల మధ్య ఆర్ స్క్వేర్ (రెండు వరసల అంకెలు ఎంతగా కలిసి మారతాయో చెప్పే కొలత) 0.7 పైన వస్తే 'సమానం' అని రాయవచ్చా? ఎన్ని జంటలు కావాలి? రెండోది, గోదావరి ఘాట్ల నీటికి కూడా ఇదే ఏర్పాటు పనికొస్తుందా? 2027 పుష్కరాల ముందు అక్కడి శాంపిళ్లు కూడా చూడాల్సి రావచ్చు.

సముద్రపు_సూక్ష్మం

ఆర్ స్క్వేర్ రాయకండి. ఒక పద్ధతి ప్రతిసారీ రెండోదానికి సగమే చూపించినా ఆర్ స్క్వేర్ 1 రావచ్చు. వాన రోజు వచ్చిన 5,000 లాంటి అంకెలు నాలుగు కలిస్తే అవే గీతను లాగేసి అంతా బాగున్నట్టు చూపిస్తాయి. మీకు కావాల్సింది 20–200 మధ్య ఏం జరుగుతోందన్నది.

ఐఎస్‌ఓ 17994 (రెండు పద్ధతుల్ని పోల్చే ప్రమాణం) దారి సరళం. ప్రతి జంటకూ రెండు లెక్కల సహజ లాగరిథంల తేడా తీసి 100తో గుణించండి. ఉదాహరణకు 52, 42 అయితే 21 శాతం. రెండూ సున్నా అయిన జంటను తీసేయండి. ఒకటే సున్నా అయితే రెండింటికీ 1 కలిపి లాగరిథం తీయండి. అన్ని తేడాల సగటు, స్టాండర్డ్ డీవియేషన్ కట్టి, డీవియేషన్‌ను జంటల సంఖ్య వర్గమూలంతో భాగించి 2తో గుణిస్తే అటూఇటూ ఎంత అన్నది వస్తుంది. ఆ పరిధి అంతా మీరు ముందే రాసిపెట్టుకున్న హద్దు లోపల ఉంటే పద్ధతుల మధ్య తేడా లేదు. తాగునీటికి 10 శాతం హద్దు వాడతారు. బీచ్ నీటికి అంత బిగువు అవసరం లేదన్నది నా అభిప్రాయం, కానీ హద్దు ఎంతో పరీక్ష మొదలుపెట్టకముందే కాగితం మీద ఉండాలి.

జంటల సంఖ్య ఇక్కడే తేలుతుంది. తేడాల డీవియేషన్ 60 శాతం అనుకుందాం. 30 జంటలు చేస్తే అనిశ్చితి అటూఇటూ 22 శాతం, 10 శాతం హద్దుతో ఏమీ తేల్చలేరు. 10కి దిగాలంటే 144 జంటలు కావాలి. 20 శాతం హద్దు పెట్టుకున్నా, సగటు తేడా సున్నాకు బాగా దగ్గరగా ఉంటే తప్ప 36 జంటలతో గట్టెక్కలేరు. లెక్కించదగ్గ కాలనీలు రాని శాంపిళ్లు డీవియేషన్‌ను పెంచుతాయి కాబట్టి శుభ్రమైన తీరం ఒక్కటే చూడకండి. గెడ్డలు కలిసే చోట, వాన మర్నాడు కూడా తీయండి.

ఏ అంకె సరైనదో ఇదొక్కటే చెప్పదు, ఏది ఎక్కువ పట్టుకుంటోందో మాత్రం చెబుతుంది. ఎక్కువ పట్టుకున్నది ఎంటరోకోకైనే పట్టుకుందా అన్నది వేరే పని. ఫిల్టర్ అయితే వలయం ఉన్న కాలనీలు పది తీసి బీహెచ్‌ఐ బ్రాత్‌లో (పోషక ద్రవం) పెంచి, బైల్ ఎస్కులిన్ అగార్ మీద, 45 డిగ్రీల దగ్గర, 6.5 శాతం ఉప్పులో పెరుగుతాయేమో చూడాలి. మూడూ ఔను అయి, గ్రామ్ పాజిటివ్ కోకై అయితే ఖాయం. వలయం లేనివి కూడా కొన్ని తీసి చూడండి, తప్పిపోయినవి అక్కడ తెలుస్తాయి. ట్రే అయితే వెలిగిన వెల్ వెనక కాగితాన్ని ఆల్కహాల్‌తో తుడిచి స్టెరైల్ బ్లేడ్‌తో కోసి లూప్‌తో గీసుకోవచ్చు.

గోదావరి_గట్టు

నదికి అదే ఏర్పాటు పనికిరాదండి. జూలై, ఆగస్టుల్లో గోదావరి ఎర్రనీళ్లు ఎలా ఉంటాయో తెలుసు కదా. 100 కాదు, 10 మి.లీ. పోసినా ఫిల్టర్ మూసుకుపోతుంది. ఒండ్రు కింద కాలనీలు కలిసిపోతాయి, వలయం చూసే ప్రశ్నే లేదు. అక్కడ ట్రే గానీ ట్యూబులు గానీ.

ట్యూబుల్ని పాతవని తీసేయకండి, బురద నీళ్లకు అవి ఇప్పటికీ నమ్మకమైనవే. లోపమల్లా పరిధి వెడల్పు. 10, 1, 0.1 మి.లీ.కు ఐదేసి ట్యూబులు పెట్టి 5-2-0 (ఒక్కో వరసలో పాజిటివ్ ట్యూబుల సంఖ్య) వస్తే ఎంపీఎన్ 50. ఐదు ట్యూబుల వరసకు 95 శాతం పరిధి సుమారు మూడో వంతు నుంచి మూడు రెట్ల వరకు, అంటే ఇటు 15, అటు 165. వరద నీళ్లకు 10 మి.లీ.తో మొదలుపెడితే 5-5-5 వచ్చి 1,600 కంటే ఎక్కువ అని మాత్రమే రాయగలరు. 1, 0.1, 0.01 నుంచి మొదలుపెట్టండి.

ఫీకల్ స్ట్రెప్టోకోకైకి అజైడ్ డెక్స్‌ట్రోజ్ బ్రాత్: 10 మి.లీ. శాంపిల్ పోసే ట్యూబుల్లో డబుల్ స్ట్రెంత్ ఉండాలి. సింగిల్‌లో 10 పోస్తే అజైడ్ సగమై గ్రామ్ నెగెటివ్‌లు మబ్బు పట్టిస్తాయి. 35 డిగ్రీలు, 24 గంటలకు ఒకసారి, 48కి ఒకసారి చూడాలి. మబ్బు ఎక్కడిదైనా ఒకటే కాదు, ఒండ్రు వల్ల మొదటే మసకగా ఉన్న ట్యూబును పాజిటివ్ అనేస్తారు. అందుకే ప్రతి మసక ట్యూబునూ పీఎస్ఈ అగార్ (నిర్ధారణకు వాడే మీడియా) మీద గీసి 35 డిగ్రీలకు 24 గంటలు పెట్టి, గోధుమ వలయంతో నల్లని కాలనీలు చూశాకే రాయాలి. మొత్తం మూడు రోజులు. స్నానాల రోజు ఉదయం నిర్ణయానికి ఇది అందదు, రికార్డుకు మాత్రమే.

ఫీకల్ కోలిఫాం కోసం ఈసీ బ్రాత్ 44.5 డిగ్రీలు, అటూఇటూ 0.2. ఆ 0.2 గాలి ఇంక్యుబేటర్‌తో సాధ్యం కాదు. మూతపెట్టి నీరు తిరిగే వాటర్ బాత్ కావాలి, ట్యూబులోని బ్రాత్ మట్టం కంటే బాత్ నీటి మట్టం పైన ఉండాలి. 45.5కు పోతే ఈ.కోలి కూడా గ్యాస్ మానేస్తుంది, 43.5కు దిగితే మలంతో సంబంధం లేని క్లెబ్సియెల్లాలు గ్యాస్ ఇస్తాయి. ఫీకల్ కోలిఫాం అంకెలో క్లెబ్సియెల్లా ఎలాగూ కొంత ఉంటుంది కాబట్టి ఆరోగ్యం గురించి మాట్లాడాలంటే ఈసీ-మగ్ (ఈ.కోలి ఉంటే యూవీ కింద వెలిగే బ్రాత్) వాడి ఈ.కోలిని విడిగా చూడండి.

ఘాట్లలో బ్లీచింగ్ వేస్తారు. సీసాలో సోడియం థయోసల్ఫేట్ లేకుండా తెచ్చిన శాంపిల్ దారిలోనే చచ్చిపోతుంది, ల్యాబ్‌లో శుభ్రమైన సున్నా వస్తుంది. 120 మి.లీ. సీసాకు 3 శాతం ద్రావణం 0.1 మి.లీ. వేస్తే లీటరుకు 5 మి.గ్రా. క్లోరిన్ వరకు ఆపుతుంది. బ్లీచింగ్ ఎక్కువ పడే చోట 10 శాతం ద్రావణం 0.1 మి.లీ. వేయండి, 15 వరకు ఆపుతుంది. ఆటోక్లేవ్‌కు ముందే వేసి ఉంచాలి, ఆ సీసాను నీళ్లలో తొలిచి నింపకూడదు.

సీటీ_విలువ

ఎవరూ క్యూపీసీఆర్ (పెంచకుండా డీఎన్‌ఏను నేరుగా లెక్కించే పరీక్ష) ఎత్తలేదు కాబట్టి నాలుగు ముక్కలు. పొద్దున తీసిన శాంపిల్‌కు మధ్యాహ్నంలోపు అంకె ఇచ్చేది అదొక్కటే. మిగతావన్నీ నిన్నటి నీళ్ల గురించి చెబుతాయి. షికాగో బీచ్‌లలో ఎంటరోకోకై క్యూపీసీఆర్‌తో అదే రోజు నిర్ణయం తీసుకుంటున్నారు, శాన్ డియేగో కౌంటీ 2022లో డ్రాప్లెట్ డిజిటల్ పీసీఆర్‌కు మారింది.

కానీ మీ పోలికలోకి దీన్ని లాగకండి. ఈపీఏ 2012లో దీనికి వేరే హద్దు ఉంది: జియోమెట్రిక్ మీన్ 470, పై విలువ 2,000, అవి సెల్ ఈక్వివలెంట్లు (డీఎన్‌ఏ నుంచి అంచనా వేసిన కణాల సంఖ్య), కాలనీలు కావు. చచ్చిన కణాల డీఎన్‌ఏనూ ఇది లెక్కపెడుతుంది. బ్లీచింగ్ పడ్డ ఘాట్‌లో గానీ, క్లోరిన్ వేసి వదిలిన శుద్ధి కేంద్రపు నీళ్లు కలిసే చోట గానీ ప్లేట్ సున్నా చూపిస్తుంది, యంత్రం వేలల్లో చూపిస్తుంది. రెండూ నిజమే.

ఈపీఏ క్యూపీసీఆర్ పద్ధతి 1609.1 చేయాలనుకుంటే: 100 మి.లీ.ను 0.4 మైక్రాన్ పాలికార్బొనేట్ ఫిల్టర్ మీద, ఆ ఫిల్టర్‌ను చుట్టి గాజు పూసల ట్యూబులో, సాల్మన్ డీఎన్‌ఏ కలిపిన 600 మైక్రోలీటర్ల బఫర్‌తో 60 సెకన్లు బీటింగ్, తర్వాత సెంట్రిఫ్యూజ్, పై ద్రవంలో 5 మైక్రోలీటర్లు ఒక్కో రియాక్షన్‌కు. సాల్మన్ డీఎన్‌ఏ సీటీ (సంకేతం ఎన్నో చక్రంలో కనబడిందో చెప్పే అంకె), ఖాళీ శాంపిల్‌తో పోలిస్తే 3 కంటే ఎక్కువ వెనకబడితే ఆ అంకె వాడకూడదు. కుళ్లిన ఆకుల ఆమ్లాలో, ఒండ్రో రియాక్షన్‌ను అడ్డుకుంటోందని అర్థం. అయిదింతలు పలచన చేసి మళ్లీ నడపాలి. స్టాండర్డ్ గీత వాలు −3.1 నుంచి −3.6 మధ్య లేకపోతే శాంపిళ్ల దాకా వెళ్లనే వద్దు. గోదావరి వరద నీళ్లకు ఈ అడ్డంకి తప్పదు.

నీలి_వలయం

శాంపిల్ తీసే వేళ గురించి ఒక మాట చేర్చాలి, పద్ధతి తేడాల కంటే ఇదే పెద్దది. ఎండకు ఎంటరోకోకై, ఈ.కోలి రెండూ గంటల్లోనే పడిపోతాయి. తెల్లవారుజామున తీసిన నీళ్లకూ మధ్యాహ్నం రెండింటి నీళ్లకూ పోలికే ఉండదు. ఎండ దెబ్బ తిన్న కణాలు నేరుగా సెలెక్టివ్ అగార్ మీద పడితే చాలామటుకు లేవవు. కాబట్టి పోలిక కోసం తీసే శాంపిళ్లలో ఉదయపువీ మధ్యాహ్నపువీ కలపండి, కానీ రోజువారీ పరీక్షకు ఒకటే వేళ పెట్టుకోండి. జనం దిగకముందు, పొద్దున్నే.

నీటి మట్టం మోకాలు నుంచి నడుము దాకా ఉన్నచోట, అల మీ వైపు వస్తుండగా, కాళ్లతో ఇసుక రేపకుండా, మూతిని నీటి మట్టానికి 15–30 సెం.మీ. కిందికి తోసి నింపండి. పోటా ఆటా, గత 48 గంటల్లో వాన పడిందా, దగ్గర్లో గెడ్డ పారుతోందా అన్నవి సీసా లేబుల్ మీదే రాయాలి. ఐస్ పెట్టెలో 10 డిగ్రీల లోపు, ఐస్ కరిగిన నీళ్లలో మూత మునగకుండా. 6 గంటల్లో ల్యాబ్‌కు చేరాలి, చేరాక 2 గంటల్లో ఫిల్టర్ మీద పడాలి. భీమిలి నుంచి గాజువాక దాకా అన్ని చోట్లా ఒకే బండి తిరిగితే మొదటి సీసా వయసు ఎంతవుతుందో ముందే లెక్క చూసుకోండి.

తీరం_ల్యాబ్

అందరికీ ధన్యవాదాలు. బీచ్‌కు రోజువారీ ఎంటరోలెర్ట్, ఒక్కో శాంపిల్‌కు రెండు ట్రేలు. నెలకోసారి అదే సీసా నుంచి ఐఎస్‌ఓ 7899-2 ఫిల్టర్. ఫీకల్ కోలిఫాం ట్యూబులు ఎస్‌డబ్ల్యూ-2 రిపోర్ట్ కోసం అలాగే ఉంచుతాం. రెండు ట్రేలు కలిపినప్పుడు ఎంపీఎన్ పట్టికలో ఎలా చూడాలి?

ట్రే_సీలర్

రెండు ట్రేల అంకెల్ని సగటు తీయకండి, ముఖ్యంగా ఒకటి '10 కంటే తక్కువ' అయినప్పుడు. అప్పుడు ఆ ట్రేకు 0 వేయాలా, 5 వేయాలా అనే గొడవ మొదలవుతుంది. మొత్తం 98 పెద్ద, 96 చిన్న వెల్స్ ఉన్న ఒకే ట్రేగా భావించి ఎంపీఎన్ లెక్కించాలి. అచ్చు పట్టిక దీనికి పనికిరాదు, కానీ స్ప్రెడ్‌షీట్‌లో సాల్వర్‌తో అయిపోతుంది. తక్కువ అంకెల దగ్గర అంత శ్రమ కూడా అక్కర్లేదు: రెండు ట్రేల్లో కలిపి వెలిగిన వెల్స్ ఏడెనిమిది దాటకపోతే, వాటి సంఖ్యను 5తో గుణిస్తే సరిపోతుంది. మీరు చూసింది 20 మి.లీ. కాబట్టి. ఒక ట్రేలో 3, ఇంకోదాంట్లో 4 వెలిగితే మొత్తం 7, అంటే సుమారు 35. అచ్చంగా సాల్వర్ కడితే కొద్దిగా పైన వస్తుంది. ఎస్ఓపీలో (ల్యాబ్ పని విధాన పత్రం) ఈ లెక్క ఎలా కడతారో ఒక ఉదాహరణతో రాసిపెట్టండి, ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే సంస్థ) ఆడిట్‌లో మొదట అడిగేది అదే.